సందేహాలు – సమాధానాలు: హెచ్చరిక అంటే బెదిరింపేనా?

సందేహం: ఫోన్ ఉన్నట్టుండి పెద్దగా మోగి, వణికి, తెర మీద ప్రభుత్వం నుంచి ‘అత్యవసర హెచ్చరిక’ వస్తోంది. మన మేలు కోరి చెప్పే మాటకు ‘హెచ్చరిక’ అని పేరు పెట్టడం సబబేనా? హెచ్చరించడమంటే బెదిరించడమే కదా! ‘అప్రమత్త సందేశం’ అంటే బాగుంటుందేమో. మా పిల్లలేమో ‘అలర్ట్’ చాలంటున్నారు. ఇంకో చిన్న సందేహం: కొందరు ‘హెచ్చరికా సందేశం’ అని దీర్ఘమిచ్చి రాస్తున్నారు. అది ఉండాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, హెచ్చరిక మీద మీకు కలిగిన అనుమానం ఆ మాట తెచ్చిపెట్టింది కాదు, వార్తలు రాసేవాళ్లు తెచ్చిపెట్టింది. ‘కఠిన చర్యలు తప్పవని మంత్రి హెచ్చరించారు’, ‘సహనాన్ని పరీక్షించవద్దని హెచ్చరించారు’... రోజూ ఇదే వరస. బెదిరించాడు అని రాస్తే కేసవుతుందని భయం, అన్నాడు అని రాస్తే చప్పగా ఉంటుందని బాధ. మధ్యలో హెచ్చరిక దొరికింది. పాపం, ఆ మాటకు రౌడీ వేషం వేసి వీధిలోకి పంపారు. అదే మాట ఇప్పుడు ప్రభుత్వం పేరుతో ఫోన్‌లో ప్రత్యక్షమైతే, ‘మళ్లీ ఎవరో మనల్ని గదమాయిస్తున్నారు’ అని జనానికి అనిపించడంలో వింతేముంది?

దీని పుట్టుక చూద్దాం. హెచ్చరికలో ‘హెచ్చు’ ఉంది కాబట్టి గొంతు హెచ్చించి చెప్పేది హెచ్చరిక అని వివరించే వాళ్లున్నారు. వినడానికి బాగుంది కానీ నిలవదు. హెచ్చు మనకు కన్నడం వైపు నుంచి వచ్చిన రూపం. అక్కడ మాట మొదట్లోని పకారం హకారమవుతుంది: మన పాలు వాళ్లకు హాలు, మన పులి వాళ్లకు హులి. అదే లెక్కన మన ‘పెచ్చు’ వాళ్ల దగ్గర ‘హెచ్చు’ అయింది. పెచ్చు పెరిగిందని మనమింకా అంటూనే ఉన్నాం కదా. హెచ్చరికది వేరే వంశం. కన్నడంలో ఎచ్చర, ఎచ్చరికె, తమిళంలో ఎచ్చరిక్కై. ఎక్కడా పకారమూ లేదు, హకారమూ లేదు. తెలుగులో హెచ్చు పక్కన కాపురం పెట్టి దాని హకారాన్ని అంటించుకుందని నా ఊహ.

ఇక అర్థం. కన్నడంలో ‘ఎచ్చర’ అంటే మెలకువ. నిద్రలో మెలకువ వస్తే ‘ఎచ్చరవాయితు’ అంటారు. అంటే హెచ్చరించడమంటే మొదట మేల్కొల్పడమే. తట్టి లేపడం, ధ్యాస ఇటు తిప్పడం. అందులో తర్జని చూపడమూ లేదు, కళ్లెర్ర చేయడమూ లేదు.

నా మాట నమ్మకపోతే త్యాగరాజును అడగండి. ఆయన ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో యదుకుల కాంభోజిలో ఒకటుంది: ‘హెచ్చరికగా రారా హే రామచంద్ర’. ఈ కాలపు అర్థం పెట్టి చూడండి. రాముణ్ణి బెదిరిస్తున్నాడా? స్వామి కొలువులోకి నడిచి వస్తుంటే, అడుగు పదిలమయ్యా, మెల్లగా రావయ్యా అని చేతులు చాచి తీసుకురావడం అది. కళ్లలో పెట్టుకుని చూసుకునేవాళ్లకు మాత్రమే వచ్చే గొంతు. ఇలాంటి పాటల రకానికే ‘హెచ్చరిక’ అని పేరు. లాలి, మేలుకొలుపు, మంగళహారతి, వాటితో పాటు హెచ్చరిక. లాలి పక్కన కూర్చోబెట్టిన మాటను మనం లాఠీ పక్కన నిలబెట్టాం.

రాజుల కొలువుల్లోనూ ఇది మర్యాద మాటే. రాజు వస్తుంటే వేత్రధారులు, వందిమాగధులు కేకలు పెట్టేవారు. పౌరాణిక నాటకాలు చూసినవాళ్లకు ఆ ‘బహుపరాక్’ చెవుల్లో ఉంటుంది. ‘హెచ్చరిక, పరాకు’ అని రెండూ జంటగా వినిపించేవి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఈ పరాకు నాకు ఇష్టమైన మాట.

పరాకు అంటే మామూలుగా ధ్యాస లేకపోవడం. ‘ఏమిటా పరాకు’ అంటాం, ‘పరాకున విన్లేదు’ అంటాం. సంస్కృతంలో ‘పరాక్’ అంటే అటు తిరిగినది. మొహం తిప్పుకున్నవాడు పరాఙ్ముఖుడు. మనసు తిప్పుకున్నవాడిది పరాకు. మరి ధ్యాస పెట్టండహో అని అరిచే కేకకు ధ్యాసలేమి అనే మాట ఎలా కుదిరింది? ‘పరాకు వద్దు’ అనే కేకలో వద్దు అరిగిపోయి పరాకు మిగిలిందని ఒక దారి. జనాన్ని ‘అటు తిరగండి, తొలగండి’ అనడమే పరాక్ అని ఇంకో దారి. నేను రెండోదాని వైపు కొంచెం మొగ్గుతాను, ఒట్టు మాత్రం వెయ్యను. దారి ఏదైనా తేలింది విచిత్రమే: ఒకే మాటకు ‘విను’ అనీ అర్థమే, ‘వినకపోవడం’ అనీ అర్థమే. త్యాగరాజుకు ఈ రెండో పరాకూ తెలుసు. రాముడు పలకనప్పుడు ‘పరాకు జేసిన నీకేమి ఫలము’ అని జుజాహుళి రాగంలో నిలదీశాడు.

మీ ఫోన్ సంగతికీ దీనికీ సంబంధం ఉంది. 2023లో మన దేశంలో ఈ వ్యవస్థను పరీక్షించినప్పుడు వచ్చిన సందేశం గుర్తుందా? ఇది నమూనా పరీక్ష సందేశం, మీరు చేయాల్సిందేమీ లేదు, పట్టించుకోకండి అని దాని సారాంశం. పరీక్ష అన్నాక అలాగే రాయాలి, వేరే దారి లేదు, ఒప్పుకుంటాను. కానీ ఉలిక్కిపడేలా మోగించి, తీరా చూస్తే ‘పట్టించుకోకండి’ అని ఉండటం అసలు సిసలైన పరాకు. విను అనీ వినకు అనీ ఒకే కేక. ఒకసారైతే సరే. పదేపదే జరిగితే, లేదా ఎక్కడో దూరాన పడే వానకు కూడా మన ఫోన్ మొత్తుకుంటే, జనం మొదట తిట్టుకుంటారు, తర్వాత చూడకుండా నొక్కేస్తారు, చివరికి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేస్తారు. దీన్ని జనం బాధ్యతారాహిత్యమని తిట్టేవాళ్లతో నేను ఏకీభవించను. కేక విలువ కేక వేసేవాడి చేతిలో ఉంటుంది.

అనుమానించేవాళ్లు ఇంకో రకం. ‘నా నంబరు వీళ్లకెలా తెలిసింది, నేనెక్కడున్నానో చూస్తున్నారా’ అని. ఇక్కడ కొంత టెన్షన్ తగ్గించుకోవచ్చు. ఇది ఎస్సెమ్మెస్ కాదు. సెల్ బ్రాడ్‌కాస్ట్ అనే పద్ధతిలో ఒక ప్రాంతంలోని టవర్లు ఆ పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ ఒకేసారి ప్రసారం చేస్తాయి. నంబర్ల జాబితా అక్కర్లేదు, అందరూ ఒకేసారి ఫోన్లు చేసి నెట్‌వర్క్ బిగుసుకుపోయినా ఇది అందే అవకాశం ఎక్కువ. తెలుగులో దీనికి చక్కటి మాట ‘చాటింపు’. చాటింపు వేసేవాడికి ఇళ్లలో ఎవరున్నారో తెలియనక్కర్లేదు. ఎవరో పసిగట్టి పంపారన్న భావన ‘సందేశం’ అనడం వల్ల కూడా వస్తోంది. సందేశమంటే ఒకరి నుంచి ఒకరికి వెళ్లేది కదా, మేఘం చేతైనా సరే. అయితే ఆపుకునేవాళ్లందరివీ అపోహలేనని అనకూడదు. ఇంట్లో హింస భరిస్తూ రహస్యంగా రెండో ఫోన్ దాచుకున్న ఆడవాళ్లకు ఆ మోత ప్రాణం మీదికి తేవచ్చు. బ్రిటన్‌లో 2023 ఏప్రిల్ 23న దేశమంతటా పరీక్షించినప్పుడు, అలాంటివాళ్లు ముందే ఎలా ఆపుకోవాలో ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో హవాయిలో చూశారు. 2018 జనవరి 13 ఉదయం క్షిపణి వస్తోంది, వెంటనే తలదాచుకోండి, ఇది డ్రిల్ కాదు అని అక్కడివాళ్ల ఫోన్లకు వచ్చింది. క్షిపణి లేదు, ఏమీ లేదు. తర్వాత విచారణలో తేలింది వినండి. అక్కడి విపత్తు నిర్వహణ సంస్థ ఉద్యోగులకు అభ్యాసం కోసం వినిపించిన ప్రకటన మొదట్లోనూ చివర్లోనూ ‘అభ్యాసం, అభ్యాసం, అభ్యాసం’ అని ఉంది. మధ్యలో మాత్రం, ఉండకూడని ‘ఇది డ్రిల్ కాదు’ కూడా ఉంది. సందేశం పంపిన ఉద్యోగి చెవిన పడింది ఆ మధ్య వాక్యం ఒక్కటేనట. మళ్లీ అదే పరాకు: ఔననీ కాదనీ ఒకే నోట. అది తప్పుడు సందేశమని ఫోన్లకు దిద్దుబాటు వెళ్లేసరికి 38 నిమిషాలయింది.

ఆ 38 నిమిషాలు తలచుకుంటే ‘అత్యవసరం’ గుర్తొస్తుంది. సంస్కృతంలో అవసరమంటే తగిన సమయం, సందర్భం. ‘అక్కర’ అనే అర్థం మనం ఇచ్చుకున్నది. ‘అతి’ చేరితే దాటిపోయిన అనే అర్థమూ వస్తుంది. కాబట్టి పట్టుబట్టి సంస్కృతార్థం చెబితే అత్యవసరమంటే సమయం మించిపోయినది! హవాయి దిద్దుబాటు అచ్చంగా అత్యవసర సందేశమే. ఇది సరదాకు అన్నాను. తెలుగులో అత్యవసరానికి స్థిరపడ్డ అర్థాన్ని ఎవరూ కదపనక్కర్లేదు.

ఇక మీరు సూచించిన ‘అప్రమత్త సందేశం’. ఆలోచన మంచిదే. ప్రమాదమంటే సంస్కృతంలో ఏమరుపాటు. ‘ప్రమాదోऽనవధానతా’ అని అమరకోశం. ఏమరుపాటును మనం దాని ఫలితానికి పేరుగా పెట్టుకున్నాం. అది లేనివాడు అప్రమత్తుడు. కానీ అమ్మా, ‘అప్రమత్త సందేశం’ అంటే సందేశమే మెలకువగా ఉందని అర్థం! మెలకువగా ఉండాల్సింది మనం. దీన్ని పక్కన పెట్టండి.

అలర్ట్ మీద నాకు పగ లేదు. ఎత్తు మీద కాపలా కాయడమనే ఇటాలియన్ మాట నుంచి వచ్చింది, పిల్లల నోట బాగానే ఆడుతోంది. చిక్కల్లా వాతావరణ వార్తల్లో. మన వాతావరణ శాఖ పసుపు రంగుకు ‘గమనిస్తూ ఉండండి’ అనీ, నారింజకు ‘సిద్ధంగా ఉండండి’ అనీ, ఎరుపుకు ‘చర్య తీసుకోండి’ అనీ వేర్వేరు మెట్లు పెట్టుకుంది. వాళ్ల లెక్కలో అలర్ట్ నారింజ ఒక్కటే, ఎరుపు వార్నింగ్. మన చానెళ్లు మూడిటికీ అలర్ట్ తగిలించి, మూడూ ‘జారీ’ చేయిస్తున్నాయి. జారీ చేయడానికి అదేమన్నా వారెంటా?

పేరు ఏదైనా సర్దుకోవచ్చు, సర్దుకోలేనిది దాని కింద వచ్చే వాక్యం. ‘ప్రజలు సురక్షిత ప్రాంతాలకు తరలి వెళ్లగలరు’, ‘అప్రమత్తంగా ఉండగలరని కోరడమైనది’. ఈ ‘గలరు’ ఎక్కడి తెగులు? వెళ్లగలరంటే వెళ్లే శక్తి ఉందని. నీళ్లు గుమ్మం దాకా వచ్చినప్పుడు నాకు నా శక్తి గురించి సర్టిఫికెట్ ఎందుకు? పెళ్లి శుభలేఖలో ‘విచ్చేయగలరు’ అంటే వినయమని ఊరుకుంటాం. ప్రాణాపాయంలో ‘వెళ్లండి’ అనాలి, ‘వాగు దాటొద్దు’ అనాలి. ‘కోరడమైనది’ అన్నప్పుడు కోరినవాడెవడో కూడా కనిపించడు. ఎవరు చెబుతున్నారో, ఏం చేయమంటున్నారో మొదటి వాక్యంలో తేలకపోతే జనం పక్కింటివాళ్ల వాట్సాప్‌నే నమ్ముతారు. నమ్మితే తప్పు వాళ్లది కాదు.

కాబట్టి ‘హెచ్చరిక’ తప్పు కాదు, నిస్సంకోచంగా వాడండి. అయితే వాడుకలో దానికి బెదిరింపు వాసన పట్టిన మాటా నిజమే. చదివేవాళ్లు మరీ బెదిరిపోతారనుకుంటే ‘ముందు జాగ్రత్త’ అనండి, ఒప్పుకుంటాను. ‘చాటింపు’ నాకు ఇష్టం, ఎవరూ వాడరని తెలుసు. దీర్ఘం మాత్రం వద్దు. హెచ్చరిక సంస్కృత స్త్రీలింగ శబ్దం కాదు, తోక తగిలించడానికి. ‘హెచ్చరిక సందేశం’ చాలు. మీ పిల్లలు దాన్ని ‘అలర్ట్ మెసేజ్’ అంటే అననివ్వండి, ‘అలర్టా మెసేజ్’ అనడం లేదు కదా.