టీచరు ఖాళీగా వదిలిన గడి

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా ఆదోని. మా బాబుకు మూడేళ్లు దాటి రెండు నెలలైంది. అంగన్‌వాడీలో పిల్లల ఎదుగుదల రాసే పుస్తకంలో టీచరు అన్నింటికీ టిక్కు పెట్టి, మాటలు కలిపి మాట్లాడడం అన్నచోట మాత్రం ఖాళీ వదిలారు. ఇంట్లో అవ్వ వాడితో కన్నడంలో, మేము తెలుగులో మాట్లాడతాం. మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తాయని అందరూ అంటున్నారు. ఇంకొన్నాళ్లు చూడవచ్చా?
- ఒక తల్లి, ఆదోని

జవాబు: అమ్మా, ఆ గడి ఖాళీగా ఉందంటే బాబు అలా మాట్లాడగా టీచరు ఇంకా వినలేదని మాత్రమే అర్థం. అంతమంది పిల్లల మధ్య నోరు మెదపని వాడు ఇంట్లో గలగలా మాట్లాడుతూ ఉండవచ్చు కాబట్టి, వాడి నోట వచ్చిన మాటలను వచ్చినవి వచ్చినట్లే ఒక వారంపాటు రాసి టీచరుకు చూపండి. రెండు భాషల మాటలనూ కలిపే లెక్కించాలి. 'అవ్వా, నీళ్లు బేకు' అన్నా అది వాక్యమే. రెండు భాషలు వినడం వల్ల మాటలు వెనకబడవు, అందుకని అవ్వను కన్నడం మానిపించకండి. టీచరు కూడా బాబును నిలబెట్టి 'ఏదీ, చెప్పు' అని అడిగి కాకుండా, ఆటలో, అన్నం దగ్గర విన్నదాన్ని తేదీ వేసి రాస్తేనే ఆ నమోదుకు విలువ.

పిల్లలందరూ ఒకే నెలలో ఒకే పని చేయరన్నది నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రచురించిన ప్రమాణాల ప్రకారం, సొంతంగా నడవడం ఎనిమిదో నెల మొదలు దాదాపు పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా రావచ్చు. అయితే ఆ గడువుకు ఒక చివర కూడా ఉంది. మన ఇళ్లలో పెద్దలు మరిచిపోయేది దాన్నే. రెండేళ్లు నిండేసరికి రెండు మాటలైనా కలపాలి. మీరు రాసిన కాగితంలో అలాంటివి కూడా లేకపోతే, మగపిల్లవాడన్న మాట పట్టుకుని ఆగడం సరికాదు.

ముందుగా వినికిడి పరీక్ష చేయించండి, ముఖ్యంగా చెవిలో ఎప్పుడైనా చీము కారి ఉంటే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్య బృందాలు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. ఆ బృందం వచ్చేదాకా వేచి ఉండనవసరం లేదు. పిల్లల వైద్యుల దగ్గరకు నేరుగా వెళ్లవచ్చు. వచ్చిన మాటలు పోతున్నా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా, ఆ వారం రోజులు కూడా ఆగకండి. వెళ్లేటప్పుడు టీకాల కార్డుతో పాటు మీరు రాసిన కాగితాన్నీ తీసుకువెళ్లండి. కొత్త చోట బాబు మాట్లాడకపోయినా వైద్యులకు అది ఉపయోగపడుతుంది.