18వ శతాబ్దపు ఇంగ్లిష్ లార్డుల ఇళ్ళలో కబుర్లు ఎలా తిరిగేవి? సినిమాల్లో చూపించినట్టు రోజూ డాన్సులేనా?

డాన్సులు ఉండేవండీ, కానీ అవి ఎక్కువగా లండన్ సీజన్లో, అంటే పార్లమెంటు నడిచే నెలల్లో. మిగతా కాలమంతా ఒక్కో కుటుంబం ఒక్కో మూల తమ ఎస్టేట్లో ఉండేది కాబట్టి అసలు సోషల్ లైఫ్ నడిచింది ఉత్తరాల్లోనే.

నేను ఉండేది ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కన సెల్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో. ఆఫీసు అయ్యాక వాకింగ్‌కి వెళ్ళేది కాజిల్‌టౌన్ అనే పాత బంగళా పార్కుకి. ఆ బంగళా ఇల్లాలు లేడీ లూయిజా ఇంగ్లండ్‌లో రిచ్‌మండ్ డ్యూక్ కూతురు, 1758లో పెళ్ళయి ఈ ఇంటికి వచ్చింది. టూర్‌లో గైడ్ చెప్పింది విని ఆసక్తి పుట్టి లూయిజా, ఆమె అక్కచెల్లెళ్ళు రాసుకున్న ఉత్తరాలు లైబ్రరీ నుంచి తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాను, అందుకే ఈ ఒక్క కుటుంబం గురించే చెప్తాను.

ముందు పోస్టు సంగతి. అప్పట్లో ఉత్తరం ఖర్చు సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టాలి, దూరం పెరిగినా కాగితాలు పెరిగినా రేటు పెరిగేది. కానీ లార్డులు, ఎంపీలు పైన సంతకం పెడితే ఫ్రీ. ఇంక చూస్కోండి, మొగుడో అన్నయ్యో సంతకం పెట్టిస్తే చాలు, ఎవరికి నెల తప్పింది, ఎవరి పిల్లాడికి పళ్ళొస్తున్నాయి, ఎవరు పేకాటలో ఎంత పోగొట్టుకున్నారు, ఫలానా సిల్కు కొని పంపించు, అన్నీ పేజీలకి పేజీలు. ఐర్లండ్‌కి పడవలు బయల్దేరే వేల్స్ రేవు హోలీహెడ్ దగ్గర గాలి అనుకూలించకపోతే పోస్టు పడవ ఆగిపోయేది, తర్వాత అన్నీ కట్టగా ఒకేసారి వచ్చిపడేవి. వచ్చినవాటిని ఇంట్లో అందరి ముందూ పైకి చదవడం మామూలే కాబట్టి గుట్టు విషయాలు రాసేటప్పుడు కాస్త చూసుకుని రాయాల్సిందే.

ఇంక ఈ కబుర్లతో ఏం జరిగేదంటే, నాకు అసలు ఆసక్తిగా అనిపించింది ఇదే, తప్పు చేసినవాళ్ళని కొట్టడం తిట్టడం కాదు, వాళ్ళింటికి వెళ్ళడం మానేసేవారు. పెద్దక్క కారొలిన్ 1744లో హెన్రీ ఫాక్స్ అనే పొలిటీషియన్‌ని ఇంట్లో చెప్పకుండా చేసేసుకుంది, ఆయనకి టైటిల్ లేదు, వయసులో ఆమెకంటే 18 ఏళ్ళు పెద్ద. అమ్మానాన్న నాలుగేళ్ళు గడప తొక్కనివ్వలేదు, 1748లో గానీ రాజీ పడలేదు.

లూయిజా చెల్లెలు సారా కథ ఇంకా ఘోరం. కొత్తగా గద్దెనెక్కిన మూడో జార్జి రాజు ఆ పిల్ల మీద మనసు పడ్డాడని లండనంతా గుసగుసలు, ఇంట్లోవాళ్ళకి గంపెడాశ, తీరాచూస్తే 1761లో ఆయన జర్మనీ నుంచి పిల్లని తెచ్చుకున్నాడు, ఆ పెళ్ళిలో సారానే తోడిపెళ్ళికూతుళ్ళలో ఒకతి! రాజు చేజారినదానికన్నా పెంచుకున్న ఉడుత చచ్చిపోయినందుకే ఎక్కువ ఏడ్చిందని బావ ఫాక్స్ రాసిపెట్టాడు. మరుసటేడు బన్‌బరీ అనే ఆయన్ని చేసుకుంది, కాపురం కుదరలేదు, 1769లో లార్డ్ విలియమ్ గోర్డన్‌తో వెళ్ళిపోయింది, ఆయనతోనూ ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత ఏళ్ళ తరబడి పుట్టింటి ఎస్టేట్ గుడ్‌వుడ్‌లో అన్నయ్య నీడన, పార్టీలూ లేవు పిలుపులూ లేవు. విడాకులకి పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టం పాస్ కావాలి, అది 1776లో అయింది.

మరి రెండో అక్క ఎమిలీ ఏం చేసిందో తెలుసా? భర్త లెన్‌స్టర్ డ్యూక్ 1773లో పోయాడు, మరుసటేడే పిల్లలకి పాఠాలు చెప్పే ఓగిల్వీ మాస్టారిని పెళ్ళి చేసుకుంది. జనం చెవులు కొరుక్కున్నారు గానీ ఆమె డచెస్ డచెస్‌గానే ఉంది, అక్కచెల్లెళ్ళ రాకపోకలూ ఆగలేదు. (రెండు పెళ్ళిళ్ళకీ కలిపి 22 కాన్పులు, నమ్మండి.) ఎందుకీ తేడా అంటే నాకు అర్థమైంది ఆస్తి. భర్త పోతే భార్యకి ఏటా ఇంత అని అలాంటి ఇళ్ళలో పెళ్ళప్పుడే రాసేవారు, ఎమిలీ ఎవరి చెయ్యీ చూడక్కర్లేదు. సారా విషయంలో భర్త బతికుండగా పరాయివాడి బిడ్డని కంది, అంటే వారసత్వం మీదే దెబ్బ. మగవాళ్ళు బయట ఎందరిని ఉంచుకున్నా ఈ గొడవే లేదు లెండి.

పేపర్లు కూడా ఊరుకునేవి కావు, పేరులో మొదటి అక్షరం చివరి అక్షరం ఉంచి మధ్యలో గీతలు పెట్టి వేసేవి, ఎవరో అందరికీ తెలిసిపోయేది.

సారా 1781లో జార్జ్ నేపియర్ అనే సైనికాధికారిని చేసుకుని, తర్వాత మా సెల్‌బ్రిడ్జ్‌కే వచ్చి లూయిజాకి దగ్గర్లో కాపురం పెట్టింది, ఈసారి కాపురం బాగా సాగింది. 1843లో సింధ్‌ని ఆక్రమించిన చార్లెస్ నేపియర్ వాళ్ళ పెద్దకొడుకే. ఎవరైనా డబ్లిన్ వైపు వస్తే కాజిల్‌టౌన్‌లో ప్రింట్ రూమ్ తప్పకుండా చూడండి, లూయిజా గోడల నిండా బొమ్మల ప్రింట్లు కత్తిరించి అంటించి చేయించిన గది అది. పార్కులో తిరగడానికి మాత్రం టికెట్ అక్కర్లేదు.