ఉద్యోగం చేసుకుంటూ చర్చిలో సేవ చేయడం కుదురుతుందా?

పెళ్లయి కొత్త ఊరు వచ్చామని, అక్కడి చర్చిలో ఏదో ఒక సేవ చేయాలని ఉందని, కానీ ఉద్యోగంతో కుదురుతుందో లేదో అర్థం కావడం లేదని రాశారు. వారమంతా చర్చిలో అసలు ఏం జరుగుతుంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని కూడా అడిగారు. నాకు తెలిసింది మా చర్చి సంగతే కాబట్టి అదే చెబుతాను.

మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఊరు, లూథరన్ సంఘం. నూట ఇరవై కుటుంబాల దాకా ఉంటాం. నేను ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. పదహారేళ్ల కిందట ఈ ఊరికి కోడలిగా వచ్చాను, అంటే అప్పుడు నాదీ మీ పరిస్థితే. కుదురుతుందండీ. కాకపోతే ఇది ఆదివారం ఒక్కపూట పని అనుకుని దిగకండి. ఆదివారం మీకు కనిపించే వాటిలో సగం శనివారమే అయిపోయి ఉంటాయి.

శనివారం సాయంత్రం మా చర్చికి వస్తే మీకు ముందు వినిపించేది ప్రార్థన కాదు, చీపురు చప్పుడు. ఊళ్లో మా వాళ్లున్న నాలుగు వీధులకు నెలలో ఒక్కో వారం ఊడ్చే వంతు. జంఖానాలు బయటికి లాగి దులపాలి, ఫ్యాను రెక్కలు తుడవాలి, బూజుకర్రతో పైకప్పు మూలలు దులపాలి. వెంటిలేటర్లలో పావురాలు కాపురం పెట్టాయి. వాటి రెట్టలు కడగడమే అరగంట. మా వంతు వచ్చిన వారమే ఆ పావురాలకు ఎక్కడలేని అజీర్తి చేస్తుందని మా వీధి వాళ్ల గట్టి నమ్మకం. మిగతా మూడు వీధుల వాళ్లూ అదే మాట అంటారట.

మరో పక్క యవనస్థులు పాటల ప్రాక్టీసు చేస్తుంటారు. కీబోర్డు వాయించే అబ్బాయికీ తబలా వాయించే పెద్దాయనకీ స్పీడు దగ్గర ఎప్పుడూ పేచీయే. పాత కీర్తనలు నెమ్మదిగా పాడాలని ఈయన, అలా పాడితే పిల్లలు నిద్రపోతారని వాడు. పాట కుదిరినా కుదరకపోయినా పక్క గదిలో నుంచి ఆ గొడవ వినడం నాకిష్టం.

ఆల్టర్ (బలిపీఠం) మీద గుడ్డ మార్చడం కూడా శనివారం పనే. అదేదో అలంకారం అనుకునేదాన్ని మొదట్లో. క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలానికీ ఈస్టర్ ముందు వచ్చే శ్రమదినాలకూ ఊదా రంగు, క్రిస్మస్‌కూ ఈస్టర్‌కూ తెలుపు, ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తుకు ఎరుపు, మామూలు వారాల్లో ఆకుపచ్చ. మా పుట్టింటి వాళ్లది బాప్టిస్టు సంఘం, అక్కడ మాకు ఈ రంగుల సంగతే లేదు. వచ్చిన కొత్తలో శ్రమదినాల్లో ఆకుపచ్చ గుడ్డ ఇస్త్రీ చేసి తెచ్చి పరిచాను. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ఏమీ అనలేదు. ఆయన భార్య, మా అమ్మగారే మెల్లిగా వచ్చి, "ఇది పెంతెకొస్తు అయ్యేదాకా బీరువాలోనే ఉండాలమ్మా" అని తీసి మడతపెట్టారు.

నెలలో మొదటి ఆదివారం ప్రభు భోజనం, అంటే యేసు చివరి భోజనానికి గుర్తుగా రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం. దానికి ద్రాక్షరసం కాచే పని నాలుగేళ్లు నాదే. నల్లద్రాక్ష కడిగి, కొద్దిగా నీళ్లు పోసి ఉడికించి, మెత్తగా నలిపి, పలచని బట్టలో వడగట్టి, పంచదార కలిపి చల్లార్చాలి. ద్రాక్ష దొరకని నెలల్లో నల్ల కిస్‌మిస్ నానబెట్టి కాస్తాం. ఒక మే నెలలో స్కూల్లో అడ్మిషన్ల పని ఉందని గురువారమే కాచేసి వంటింటి గట్టు మీదే ఉంచేశాను. ఆదివారం ఉదయం అయ్యగారు మూత తీస్తే నురగ! రుచి చూసి, "ఇది కానా విందుకైతే పనికొచ్చేది" అని, యేసు నీళ్లను ద్రాక్షారసంగా మార్చిన పెళ్లిని గుర్తుచేసి నవ్వి, సండే స్కూలు పిల్లాణ్ని షాపుకు పంపి డబ్బా జ్యూస్ తెప్పించారు. నాకు మాత్రం ఆ పూట తలెత్తుకోబుద్ధి కాలేదు. ఇప్పుడు ఆ పని ఇంకో అమ్మాయి చేస్తోంది. కరోనా తర్వాత అందరికీ ఒకే పాత్ర మానేసి చిన్న చిన్న కప్పులు వాడుతున్నాం. దాంతో రసం కాచడం కంటే నూట ఎనభై కప్పులు కడగడం పెద్ద పనైంది.

ఆదివారం సంగతి మీకు తెలిసిందే కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఏడున్నరకు సండే స్కూలు, తొమ్మిదికి మొదటి గంట, తొమ్మిదిన్నరకు రెండో గంట, ఆరాధన. మొదటి గంటకు స్నానాలు, రెండో గంటకు చీర కుచ్చిళ్లు, మొదటి పాట అయ్యాక ప్రవేశం, ఇది మా ఊరి పద్ధతి. సండే స్కూల్లో పిల్లలకు కథ చెప్పి కంఠత వాక్యం నేర్పించడమే కదా అనుకుంటారు గానీ, నాలుగేళ్ల పిల్లల్నీ పన్నెండేళ్ల పిల్లల్నీ ఒకే జంఖానా మీద కూర్చోబెట్టి ఒకే కథ చెప్పి చూడండి, తెలుస్తుంది. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: పిల్లలున్న గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లుండాలి. మీ చర్చిలో ఆ అలవాటు లేకపోతే మీరే అడిగి పెట్టించండి.

అసలు నేను ఎక్కువ ఏళ్లు చేసింది ఇవేవీ కాదు, కానుకల లెక్క. లెక్కల టీచర్ని కదా అని నన్ను అందులో వేశారు. ఆరాధన అయ్యాక వెస్ట్రీలో, అంటే చర్చి పనులకు వాడే పక్క గదిలో, బల్ల మీద మఖమల్ సంచులు బోర్లించి లెక్కపెడతాం. చిల్లర ఒకవైపు, నోట్లు ఒకవైపు, పుట్టినరోజులకూ ఉద్యోగాలకూ వేసిన కృతజ్ఞత కవర్లు ఒకవైపు. మాతోపాటు ఒక పెద్దాయన ఉండేవారు, ఊరంతా బాబాయి అంటారు, రిటైరైన బస్సు కండక్టరు. రూపాయి బిళ్లలు గుప్పిట్లోంచి వేళ్ల మీదుగా జారవిడుస్తూ, పెదాలు కూడా కదపకుండా లెక్కపెట్టేవారు. నేను కాగితం మీద కూడి చూస్తే ఏనాడూ ఒక్క రూపాయి తేడా రాలేదు. చిల్లర బ్యాంకుకు తీసుకెళ్తే క్యాషియర్ ముఖం చిట్లిస్తాడని, సోమవారం పొద్దున్నే ఆయనే కిరాణా షాపుకు తీసుకెళ్లి నోట్లుగా మార్చుకొచ్చేవారు.

ఒక ఏడాది నవంబరులో ఒకావిడ వచ్చి, కొడుక్కి ఉద్యోగం వచ్చిందని రెండు వేలు కవరులో వేశాం, మా పేరు చదవలేదేం అని అడిగింది. రిజిస్టరు చూస్తే ఆ పేరు లేదు. ఆ వారం సంచులు మోసుకొచ్చింది బాబాయి. మేము ఇద్దరం వచ్చేసరికి ఆయన ఒక్కరే గదిలో ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అదే అసలు తంటా. వెస్ట్రీలో అననిది బయట చెప్పుల దగ్గర అన్నారు. నేనూ ఆయన ముఖంలోకి చూసి మాట్లాడటం మానేశాను. నాకు అనుమానం లేదని ఇప్పుడు చెప్పుకోవచ్చు గానీ, ఉంది.

క్రిస్మస్ ముందు సంచులు ఉతకడానికి ఇంటికి తెచ్చాను. ఒకదాని అడుగున లోపలి గుడ్డ కుట్టు ఊడిపోయి ఉంది. చెయ్యి పెడితే పొరల మధ్య కవరు. రెండు వేలూ ఉన్నాయి, పైన ఆవిడ కొడుకు పేరూ ఉంది. తడి చేతులతోనే బాబాయి ఇంటికి వెళ్లాను. క్షమించమని అడిగితే, "ఫర్వాలేదు తల్లీ, ముప్పై ఏళ్లు చెకింగ్ వాళ్లకు జేబులు చూపించినవాణ్ని" అన్నారు. తర్వాతి ఆదివారం అయ్యగారు స్టేజీ మీదే జరిగింది చెప్పి సంఘం తరఫున ఆయనకు క్షమాపణ చెప్పారు. ఆయన ఇప్పటికీ ప్రతివారం చర్చికి వస్తారు, వెనక తలుపు పక్కన కూర్చుంటారు. వెస్ట్రీ గుమ్మం మాత్రం మళ్లీ తొక్కలేదు.

ఇప్పుడు ముగ్గురు లేనిదే సంచి ముట్టుకోం. ఆ ముగ్గురిలో ఒకరు కమిటీకి బయటి వాళ్లే. ఖాళీ చేశాక సంచిని లోపలిది బయటికి తిప్పి చూపిస్తాం. అక్కడికక్కడే ముగ్గురూ సంతకాలు పెట్టాకే గది తాళం. కవర్ల మీద పేర్లు చదువుతాం గానీ ఎంత వేశారో చదవడం కూడా మానేశాం. అంకెలు చదివిన రోజుల్లో యాభై రూపాయలు వేసేవాళ్లు కవరు మీద పేరు రాయడమే మానుకున్నారు. డబ్బు పనైనా, తాళాల పనైనా మీరు ఒక్కరే చేయాల్సి వస్తే ఒప్పుకోకండి. ఎవరి మీదో నమ్మకం లేక కాదు, రేపు మీ మీద మాట రాకుండా.

వారం మధ్యలో బుధవారం రాత్రి గృహ కూడిక, ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. రెండు పాటలు, వాక్యం, ఆ ఇంటి వాళ్ల అవసరాల కోసం ప్రార్థన. కొత్త ఊళ్లో మనుషులు పరిచయం కావాలంటే ఆదివారం కంటే ఇదే మేలు. మా దగ్గర ఒకప్పుడు దీన్ని టిఫిన్లు చెడగొట్టాయి. ఒక ఇంట్లో టీతో బోండాలు పెట్టారు. తర్వాతి ఇంట్లో గారెలు, ఆ పై వారం గారెలూ కేసరీ. ఆ తర్వాత వరుసగా మూడు ఇళ్ల వాళ్లు మా ఇల్లు చిన్నది, ఈసారికి వద్దులెండి అన్నారు. ఇల్లు అంతకు ముందూ చిన్నదే కదా! అమ్మగారు విషయం గ్రహించి, టీ బిస్కెట్లు తప్ప ఏదీ పెట్టకూడదని స్త్రీల సమాజంలో తీర్మానం చేయించారు. తీర్మానం ఉన్నా ఒకరిద్దరు బిస్కెట్ల పక్కన మిక్చర్ పెడుతూనే ఉంటారు, అది వేరే సంగతి.

శుక్రవారం ఉపవాస కూటం పగలు జరుగుతుంది, స్కూలు వల్ల నాకు వీలు కాదు. వెళ్లలేనని మొదట్లో బాధపడేదాన్ని, ఇప్పుడు లేదు. స్త్రీల సమాజం వాళ్లు ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లను చూడటానికి వెళ్తారు, సెలవు దొరికితే నేనూ వెళ్తాను. గుంటూరు వైపు మా సంఘాల్లో దీనికి పెద్ద చరిత్రే ఉంది. 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకు వైద్యం మొదలుపెట్టి, 1898లో ఆసుపత్రి తెరిచారు. మా అత్తగారు పుట్టింది ఆ ఆసుపత్రిలోనే. వెళ్లినప్పుడు ప్రార్థన రెండు నిమిషాలు చాలు. రోగి దగ్గర ఉన్నవాళ్లు స్నానం చేసి, తిని వచ్చేదాకా మంచం పక్కన కూర్చోవడమే వాళ్లకు ఎక్కువ సాయం.

ఇంకొకటి గుప్పెడు బియ్యం. అన్నం వండేటప్పుడల్లా ఒక గుప్పెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం చర్చికి తెస్తాం. ఇల్లు గడవని ముసలివాళ్లకు పంచుతాం. ఒకావిడ ఒకరోజు నిర్మొహమాటంగా చెప్పింది, "మీ బియ్యం వండితే ఒక మెతుకు ముద్ద, ఒక మెతుకు పలుకు. అట్లకు తప్ప పనికిరావు" అని. నిజమే, కొందరు సోనా మసూరి, కొందరు రేషన్ బియ్యం, అన్నీ ఒకే డ్రమ్ములో కలిపేస్తున్నాం. అన్నేళ్లలో పంచిన మాకెవరికీ తట్టలేదు, వండుకునేది మేం కాదు కదా. ఇప్పుడు రెండు డ్రమ్ములు పెట్టాం.

మీది ఏ సంఘమో మీరు రాయలేదు. మాది 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చిలో భాగం. మాకూ, 1947లో కొన్ని సంఘాలు కలిసి ఏర్పడ్డ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లకూ సభ్యత్వం, చందా, ఎన్నికైన కమిటీ ఉంటాయి. పాత సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుంటే ఇక్కడ రిజిస్టరులో పేరు తొందరగా ఎక్కుతుంది. స్వతంత్ర సంఘమైతే నేరుగా పాస్టరు గారినే అడగాలి. ఎక్కడైనా కమిటీ ఎన్నికల ఏడాది మాత్రం కొత్తవాళ్లు జాగ్రత్త. మీ మీద ఒక్కసారిగా ప్రేమ ఎక్కువైతే, ఓటు కోసమేమో చూసుకోండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలంటే, రెండు నెలలు ఊరికే వెళ్లి కూర్చోండి. తర్వాత ఒక శనివారం చీపురు పట్టుకుని వెళ్లండి, ఎవరినీ అడగక్కర్లేదు. ఊడ్చేటప్పుడు తెలిసినంత బాగా ఆ సంఘం సంగతి ఇంకెక్కడా తెలియదు. అది కుదిరాక అయ్యగారితో ముందే చెప్పండి, వారానికి రెండు గంటలు, ఫలానా రోజు మాత్రమే వీలవుతుందని. పాడతారు, చదువుకున్నారు అని తెలిస్తే ఆయన వెంటనే నాలుగు పనులు చెబుతారు. ఒక్కటే ఒప్పుకోండి. నేను మొదటి ఏడాది నాలుగూ ఒప్పుకున్నాను. రెండో ఏడాది మా ఆయన, "ఆదివారం మనం విడివిడిగా చర్చికి వెళ్లే బదులు ఒకసారి కలిసి వెళ్దామా" అని అడిగారు.

ద్రాక్షరసం పనే వస్తే ఒప్పుకునే ముందు రెండు సంగతులు చూసుకోండి: చర్చిలో పెద్ద గిన్నె ఉందా, మీ ఫ్రిజ్‌లో అది పడుతుందా.