ఫొటోలు అలుక్కుపోతున్నాయా?

ప్రశ్న: రాత్రిపూట ఇంట్లో ఫ్లాష్ లేకుండా తీస్తే ఫొటోలన్నీ మసకగా వస్తున్నాయి. కెమెరాలో లోపమా?

జవాబు: లోపం దాదాపు ఉండదు. ముందు లెన్సు మీద వేలిముద్ర ఉందేమో చూసి మెత్తటి బట్టతో తుడవండి. తర్వాత ఒక ఫొటోను తెర మీద పెద్దది చేసి పరిశీలించండి, కారణం అందులోనే కనిపిస్తుంది.

గోడ, కుర్చీ, మనిషి అన్నీ ఒకే వైపు సాగినట్టుంటే మీ చెయ్యి కదిలింది. వెలుతురు చాలనప్పుడు షట్టర్ (వెలుతురును లోపలికి వదిలే తలుపు) ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. సెకనులో 30వ వంతు కన్నా ఎక్కువసేపైతే చేత్తో నిలకడగా పట్టుకోవడం కష్టం, జూమ్ చేస్తే ఇంకా కష్టం. అందుకని జూమ్ పూర్తిగా వెనక్కి తెచ్చి, మోచేతులు పక్కటెముకలకు ఆనించి, వీలైతే గోడకు చేరగిలబడి తీయండి. కెమెరాను బల్ల మీద పెట్టినా బటన్ నొక్కే వేలే దాన్ని కదుపుతుంది కాబట్టి 2 సెకన్ల టైమర్ వాడండి.

గోడ స్పష్టంగా ఉండి మనిషి ఒక్కరే అలుక్కుపోతే కదిలింది ఆ మనిషి. దీనికి బల్లా పనికిరాదు, చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజరూ పనికిరాదు. వెలుతురుకు కెమెరా ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే ఐఎస్ఓ సంఖ్యను 400 నుంచి 800కు పెంచితే షట్టర్ సమయం సగానికి తగ్గుతుంది. ఫొటోలో ఇసుక గింజల్లాంటి చుక్కలు కనబడతాయని చాలామంది జంకుతారు గానీ, చిన్న ప్రింటులో అవి పెద్దగా తెలియవు. అలుక్కుపోయిన మొహాన్ని మాత్రం తర్వాత బాగుచేయలేం.

గోడ స్పష్టంగా ఉండి, కదలకుండా కూర్చున్న మనిషి మొహం మసకబారితే ఫోకస్ వెనక్కి పోయింది. మొహాన్ని తెర మధ్యకు తెచ్చి బటన్ సగం నొక్కండి. పచ్చ గుర్తు వెలిగాక వేలు తీయకుండా కెమెరాను మీకు కావలసిన వైపు జరిపి, అప్పుడు పూర్తిగా నొక్కండి.

ప్రశ్న: పిల్లాడు గెంతినప్పుడు నొక్కితే, కిందికి దిగాక ఫొటో పడుతోంది!

జవాబు: ఆ ఆలస్యంలో ఎక్కువ భాగం ఫోకస్ వెతుక్కోవడానికే పోతుంది. వాడు గెంతే చోట, అంతే దూరంలో ఉన్న దేనిమీదైనా ముందే బటన్ సగం నొక్కి ఉంచండి. మోకాళ్లు వంచగానే మిగతా సగం నొక్కేయండి.

ప్రశ్న: కిటికీ ముందు నిలబెట్టి తీస్తే మొహం నల్లగా వస్తోంది.

జవాబు: బయటి వెలుగును చూసి కెమెరా మొత్తం ఫొటోనే చీకటి చేస్తోంది. అన్నిటికన్నా తేలిక, మనిషిని కిటికీ వైపు తిప్పి, మీరు కిటికీ పక్కన నిలబడటం. పక్కనుంచి పడే ఆ వెలుతురును మించింది ఈ చిన్న ఫ్లాష్ ఎన్నటికీ ఇవ్వదు. వెనకున్న దృశ్యం కూడా కావాలంటే ఆటో వదిలేసి, ఫ్లాష్ తప్పనిసరిగా వెలిగే సెట్టింగ్ పెట్టి 2 మీటర్ల లోపు నుంచి తీయండి. కిటికీ అద్దానికి ఎదురుగా కాకుండా కాస్త ఏటవాలుగా నిలబడకపోతే ఫ్లాష్ మెరుపు కూడా ఫొటోలో పడుతుంది. ఫ్లాష్ వద్దనుకుంటే ప్లస్, మైనస్ గుర్తున్న సెట్టింగును ప్లస్ 1కి పెట్టండి. అప్పుడు మొహం తేటపడుతుంది, కిటికీ తెల్లగా వెలిసిపోతుంది.

ప్రశ్న: డిజిటల్ జూమ్ వాడవచ్చా?

జవాబు: వద్దు, మెనూలో ఆపేయండి. అది ఫొటో మధ్య భాగాన్ని కత్తిరించి సాగదీస్తుంది, అంతే. ఆ కత్తిరింపేదో తర్వాత కంప్యూటర్‌లో మీరే చేసుకోవచ్చు.