సిరియా కుర్రాళ్ళతో ర్యాప్ వర్క్‌షాప్ నడపాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

ప్రశ్న: బెర్లిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. వారానికోసారి ఒక శరణార్థుల వసతిగృహానికి వాలంటీరుగా వెళ్తుంటాను. అక్కడి సిరియా కుర్రాళ్ళు (14 నుంచి 19 ఏళ్ళ వాళ్ళు) ర్యాప్ చేద్దామంటున్నారు. సిరియా ర్యాపర్లు కొందరు యూరప్‌లో ఇలా పిల్లల్ని కూడగట్టి నేర్పుతున్నారని విన్నాను. నాకు అరబ్బీ రాదు, బీట్లు చేయడం కొంచెం వచ్చు. ఏం చేయాలి?

జవాబు:

అరబ్బీ రాదన్నారు కాబట్టి ముందు ఒక మాట. గురువు స్థానం మీది కాదు. మీరు మైకూ ల్యాప్‌టాప్ చూసుకోండి, మాట సంగతి చూడ్డానికి సిరియా మనిషిని, అంటే మెంటర్‌ను, వెతకండి. ఆ తరం కళాకారులు ఇప్పుడు యూరప్ అంతటా ఉన్నారు. డమాస్కస్‌లోని యార్మూక్ పాలస్తీనా శిబిరంలో 2007లో మొదలైన ‘రెఫ్యూజీస్ ఆఫ్ ర్యాప్’ బృందపు అన్నదమ్ములు యాసర్, మొహమ్మద్ జమూస్ 2013లో ఫ్రాన్స్ చేరారు. సిరియా తీరపట్నం టార్టూస్ నుంచి వచ్చిన మొహమ్మద్ అబు హజర్ (మజ్జాజ్ ర్యాప్ బృందం) బెర్లిన్‌కే వచ్చాడు. బు కుల్సూమ్ నెదర్లాండ్స్‌కు వెళ్ళాడు. అమెరికాలో పెరిగిన ఒమర్ ఆఫెండమ్ అరబ్బీ కవిత్వాన్నీ ఇంగ్లీషు ర్యాప్‌నూ కలిపి పాడతాడు. మీ కుర్రాళ్ళకు హిప్‌హాప్ పరిచయం చేయాలని మాత్రం బయల్దేరకండి. ఆ పేర్లు వాళ్ళకు మీకన్నా బాగా తెలిసుండొచ్చు.

పెద్ద పేరున్న వాళ్ళు దొరక్కపోతే ఊళ్ళోనే పాడుకునే ఇరవై అయిదేళ్ళ సిరియా కుర్రాడు చాలు. కానీ డబ్బివ్వండి. జూన్ 20న ప్రపంచ శరణార్థుల దినానికి పిలిచి, వేదికెక్కించి, చేతిలో పూలగుత్తి పెట్టి పంపడం ఇక్కడ మామూలైపోయింది. పన్నెండు వారాలు వరసగా వచ్చే మనిషికి గంటల లెక్కన ఇవ్వాలి. నిధులకు దరఖాస్తు రాసేటప్పుడు మొదటి పద్దు అదే ఉండాలి, మైకు తర్వాత.

గుంపు ఆరు నుంచి ఎనిమిది మంది. అంతకు మించితే మైకు ముందు వంతు రాక సగంమంది ఫోన్లలోకి వెళ్ళిపోతారు. ఒక్కో క్లాసు రెండు గంటలు. మూడో నాలుగో వారానికి హాజరు పడిపోతుంది. దానికి మీ మీద కోపమో విసుగో కారణం అనుకోకండి. ఒకడికి ఆఫీసు అపాయింట్‌మెంట్, ఒకడికి జర్మన్ పరీక్ష, ఒకణ్ణి రాత్రికి రాత్రి ఇంకో ఊరి వసతిగృహానికి మార్చేస్తారు. అందుకే ‘పన్నెండో వారం కచేరీ’ అని లక్ష్యం పెట్టుకుంటే మునిగిపోతారు. ఏ రోజుకారోజు ఎనిమిది బార్లు (బార్ అంటే ఒక లైను పట్టేంత తాళం) రాసి, రికార్డు చేసి, ఫోన్లో పెట్టుకుని ఇంటికెళ్ళాలి. ఒక్క రోజే వచ్చినవాడి చేతిలోనూ ఏదో ఒకటి ఉంటుంది.

ఎనిమిది బార్లంటే ఎంత? 90 బీపీఎం (నిమిషానికి 90 దెబ్బలు) బీట్ మీద ఒక బార్‌కు నాలుగు దెబ్బలు, అంటే 2.67 సెకన్లు. ఎనిమిదికి 21 సెకన్ల పైచిలుకు, పదహారుకు 43 సెకన్లకు కాస్త తక్కువ. ఈ లెక్క మొదటి రోజే బోర్డు మీద వేయండి, ‘ఇంతేనా’ అని భయం సగం పోతుంది. కొత్తవాళ్ళు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: బార్‌కు పద్దెనిమిది, ఇరవై అక్షరాలు కుక్కుతారు. ఎనిమిది నుంచి పదకొండు హాయిగా పలుకుతాయి, పద్నాలుగు దాటితే ఊపిరి అందదు. బార్ చివర అరదెబ్బ ఖాళీ వదలమనండి, ఊపిరి తీసుకునేది అక్కడే.

రాసుకోవడానికి ఏ4 కాగితం అడ్డంగా పెట్టి నాలుగు నిలువు గడులు, ఎనిమిది వరసలు గీయండి. ఇక్కడే మనం తప్పులో కాలేస్తాం. మనం ఎడమ నుంచి 1, 2, 3, 4 వేసి ఇస్తాం, అరబ్బీ రాసేవాడు కుడి నుంచి మొదలుపెడతాడు, వాడి ప్రాసపదం వెళ్ళి ఒకటో గడిలో పడుతుంది. అంకెలు కుడి నుంచి వేసిన కాగితాలు వేరే ఉంచుకోండి. ఎడమ నుంచి వేసినవీ ఉండాలి, ఎందుకంటే సిరియా నుంచి వచ్చినవాళ్ళంతా అరబ్బులు కారు. కుర్ద్ పిల్లలు తమ భాష కుర్మాంజీని రోమన్ లిపిలో రాస్తారు. ఫోన్లో టైపు చేసే అరబ్ పిల్లలు కూడా రోమన్ లిపే వాడతారు, మధ్యలో 3, 7 అంకెలు కనిపిస్తాయి. అవి టైపు తప్పులు కావు, ‘ఐన్’, ‘హా’ అనే గొంతు అక్షరాలు. ‘సరిచేసి’ ఇచ్చారో, పాట చెడిపోతుంది.

ప్రాస విషయంలో తెలుగువాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ‘వచ్చాను, చూశాను, తిన్నాను’ అని క్రియల తోకలతో అంత్యప్రాస వేస్తే అది ప్రాస కిందకు రాదని మనకు చెవికే తెలుస్తుంది. అరబ్బీలోనూ అదే ఉచ్చు. బహువచనానికి ‘-ఈన్’, ‘-ఆత్’ తోకలు ఊరికే దొరుకుతాయి. మంచి మెంటర్ తోకను లెక్కలోకి తీసుకోడు, దాని ముందున్న అచ్చు కూడా కలవాలంటాడు. ఆ భాషలో పదాలు అచ్చుపోసినట్టు ఒకే మూసలో వస్తాయి: కాతిబ్ అంటే రాసేవాడు, తాలిబ్ విద్యార్థి, గాలిబ్ గెలిచినవాడు. మూస పట్టుకుంటే ప్రాస వెతుక్కోనక్కర్లేదు. మొదటి వ్యాయామంగా ఇదే ఇమ్మనండి, పది నిమిషాల్లో గోడ నిండా పదాలు వస్తాయి.

ఒక్క అక్షరం గురించి మాత్రం జాగ్రత్త. గొంతు లోపలి నుంచి పలికే ‘కాఫ్’ను డమాస్కస్ వాళ్ళు మింగేస్తారు, గుండెను ‘అల్బ్’ అంటారు. తూర్పున దేర్ ఎజ్జోర్ వైపు ‘గల్బ్’. తీరప్రాంతపు కొండ పల్లెల్లో, దక్షిణాన స్వేదాలో ఆ అక్షరాన్ని పూర్తిగా పలుకుతారు. దశాబ్దాలపాటు సిరియాను ఏలిన అసద్ కుటుంబం తీరప్రాంతంది కాబట్టి ఆ ఉచ్చారణ చాలామంది చెవికి సైన్యం, చెక్‌పోస్టుల గొంతులా వినిపిస్తుంది. ఒకడు పలకగానే గదిలో నవ్వో నిశ్శబ్దమో వస్తే కారణం అదే కావచ్చు. మెంటర్ ఆ క్షణాన్ని పట్టుకోవాలి, మీరు కలగజేసుకోకండి. ఇక మీరు సరదాకి ఆ ‘గుండె’ మాటను మన మామూలు ‘క’తో అన్నారంటే ‘కుక్క’ అని అర్థం వస్తుంది. కుర్రాళ్ళు ఏడాదంతా గుర్తుంచుకుంటారు.

‘మీ యుద్ధం గురించి రాయండి’ అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు. టీచర్లు, విలేకరులు, అధికారులు అందరూ వాళ్ళను ఇప్పటికే అడిగింది అదే. వసతిగృహం వరండాలో వినిపించే పది చప్పుళ్ళు రాయమనండి, జేబులో ఉన్న వస్తువు మీద నాలుగు లైన్లు చెప్పమనండి. చెప్పాలనుకున్నవాడు యుద్ధం దగ్గరికి తనంతట తానే వెళ్తాడు. వెళ్ళాక ఇబ్బంది పడితే ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసిపెట్టుకోండి. ఆశ్రయం కేసు తేలనివాళ్ళు తేదీలు, ఊళ్ళ పేర్లు, దారి వివరాలు పాటలో పెట్టి బయటికి వదిలేముందు వాళ్ళ లాయరునో సలహా కేంద్రాన్నో అడగాలి.

సామాను పెద్దగా అక్కర్లేదు. షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైకు, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును ల్యాప్‌టాప్‌కు కలిపే పెట్టె), చెవులు పూర్తిగా మూసే వైరు హెడ్‌ఫోన్లు రెండు, స్టాండు, కేబుల్. కొత్తవి కొన్నా సుమారు 400 యూరోల్లో అయిపోతుంది. కండెన్సర్ మైకు జోలికి పోవద్దు, పక్కగదిలో ప్రెషర్ కుక్కర్ కూడా పాటలోకి వచ్చేస్తుంది. మైకు వెనక గోడకు దుప్పట్లు వేలాడదీసేవాళ్ళే ఎక్కువ. ఈ మైకు తన ముందువైపు శబ్దాన్నే పట్టుకుంటుంది కాబట్టి పాడేవాడి వీపు వెనక వేలాడదీయాలి, రజాయి అయితే మరీ మంచిది. నోటికి మైకు నాలుగు వేళ్ళ దూరం, కొంచెం పక్కకు వంచి. అరబ్బీలో ‘బ’ ఎక్కువ, నేరుగా పెడితే ప్రతి ‘బ’కూ గాలి టప్పుమని కొడుతుంది. వీడియోల్లో చూసి మైకు తలను పిడికిట్లో బిగిస్తారు. అలా పడితే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, స్పీకర్లు ఆన్‌లో ఉంటే కూత పెడుతుంది. లెవెల్ మైనస్ 12, మైనస్ 6 డీబీల మధ్య ఆడాలి. సాధన చేసేటప్పుడు కన్నా రికార్డింగ్‌లో గట్టిగా అరుస్తారు, అందుకే అరిపించి సెట్ చేయండి.

‘వీడికి తాళం లేదు’ అని ఎవరినైనా తేల్చేముందు చెవిలో ఏముందో చూడండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లయితే బీట్ 150, 200 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. 90 బీపీఎం దగ్గర అది దాదాపు పావుదెబ్బ. తప్పు కుర్రాడిది కాదు.

యూట్యూబ్‌లో ‘ఫ్రీ’ అని రాసిన బీట్లు చాలావరకు డబ్బు సంపాదించని వాడకానికే ఉచితం. మీకు బీట్లు చేయడం వచ్చు కాబట్టి మీరే చేయండి, ఆ గొడవ ఉండదు. ఫొటో, వీడియో, పాట బయట పెట్టాలంటే మైనర్లకు తల్లిదండ్రుల సంతకం, ఒంటరిగా వచ్చిన పిల్లలకు చట్టబద్ధ సంరక్షకుడి సంతకం కావాలి. సంతకాలున్నా అసలు పేర్లు, మొహాలు వద్దు, బంధువులు ఇంకా అక్కడే ఉండొచ్చు. ర్యాప్‌లో మారుపేరు ఎలాగూ మర్యాదే.

అయిదో వారం నుంచి మీరు ల్యాప్‌టాప్ ముందు నుంచి లేవడం మొదలుపెట్టండి. ఇద్దరిని కూర్చోబెట్టి రికార్డు బటన్, లెవెల్, సేవ్ చేయడం, ఈ మూడే నేర్పండి. ఎఫెక్టుల జోలికి తర్వాత వెళ్ళొచ్చు. తొమ్మిదో వారానికి మొదటి అరగంట గుండ్రంగా నిలబడి పాడుకునే సైఫర్‌ను వాళ్ళే నడపాలి, మెంటర్ కూడా వరసలో ఒకడిగా నిలబడాలి. కొత్తగా వచ్చినవాడికి గడుల కాగితం ఎలా వాడాలో పాతవాడు చూపించడం మొదలైందంటే మీ పని దారిలో పడ్డట్టే.

ఫైళ్ళ పేర్లు రోమన్ లిపిలో, తేదీతో మొదలుపెట్టి పెట్టండి. అరబ్బీ అక్షరాలూ అంకెలూ కలిస్తే స్క్రీన్ మీద వరస తారుమారుగా కనిపించి ఏది ఏదో తెలీదు. ప్రతి వారం చివర అందరి పెన్‌డ్రైవ్‌లలో వాళ్ళ గొంతు, బీట్ రెండూ విడివిడిగా వేవ్ ఫైళ్ళుగా వేసివ్వండి. బదిలీ ఉత్తర్వు మంగళవారం వస్తే గురువారం క్లాసుకు వాడు ఉండడు, కొత్త ఊళ్ళో ఇంకెవరి ల్యాప్‌టాప్‌లోనైనా అవి తెరుచుకోవాలి.