ఎగోన్ ముల్లర్ 1983 విజయం సొంతగడ్డ పుణ్యమేనా?

"1983లో ఎగోన్ ముల్లర్ స్పీడ్‌వే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడంటే ఫైనల్ జర్మనీలో జరగడం వల్లే కదా, నిజంగా ఆయన అంత గొప్ప రేసరా?" అని అడిగారు. స్పీడ్‌వే అంటే మట్టి ట్రాకు మీద బ్రేకులు లేని మోటారు సైకిళ్లతో సాగే పందెం. సొంతగడ్డ ఆయనకు కలిసివచ్చిన మాట నిజమే గాని, ఆ రోజు ఆయన సాధించిన పాయింట్లకు అదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. వృత్తిరీత్యా నేను మెకానికల్ ఇంజనీరును, ఎనిమిదేళ్లుగా హాంబర్గ్‌లో ఉంటున్నాను. ఈ ఆటను ట్రాక్ పక్కన నిలబడి చూసిన తరువాతే ఆ పాయింట్ల విలువ నాకు తెలిసింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

హాంబర్గ్ నుంచి ఉత్తరాన కీల్ వైపు వెళ్లే దారిలో బ్రోక్‌స్టెట్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి హోల్‌స్టైన్‌రింగ్ ట్రాక్‌కు నన్ను మొదటిసారి తీసుకెళ్లినది ముల్లర్ పుట్టిన కీల్ నగరానికే చెందిన నా సహోద్యోగి. లోపలికి అడుగుపెట్టగానే నాకు తగిలింది ఆముదం కాలిన వాసన. మాది పాలమూరు జిల్లా. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఆముదపు గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తీసేది. ఆ వాసన జర్మనీలో ఒక రేస్ ట్రాక్ దగ్గర ఎదురవుతుందని నేను ఎన్నడూ అనుకోలేదు. ఈ బండ్లు పెట్రోలుతో కాక మిథనాల్‌తో నడుస్తాయి. మిథనాల్ తగిలినా, ఎంత వేడెక్కినా లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకుని ఉంటుందని ఆముదంతో చేసిన నూనెను ఈ ఇంజన్లలో వాడుతూ వచ్చారు.

బండిని దగ్గరగా చూస్తే ఇంజనీరుగా నాకు నోట మాట రాలేదు. 500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజన్, సుమారు 80 కిలోల బరువు, ఒకే ఒక్క గేరు, బ్రేకు అసలు లేదు. రేసరు ఎడమ బూటు కింద ఉక్కు తొడుగు బిగించుకుంటాడు, ఎందుకంటే మలుపులో ఆ కాలును నేలకు ఆనించి బండిని ఎడమకు వాల్చాలి. వెనక చక్రం జారుతూ బయటికి పోతుంటే ముందు చక్రాన్ని కుడివైపు తిప్పి ఉంచి, కుడి మణికట్టుతో యాక్సిలరేటర్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ మలుపు దాటాలి. అంటే బండిని తిప్పేదీ ఆ మణికట్టే, వేగం తగ్గించేదీ ఆ మణికట్టే. మొదటి మలుపు దగ్గర కంచె పక్కన నిలబడిన నా చొక్కా మీద రెండు రేసులకే నల్లటి రజను పేరుకుపోయింది.

రేసు ఒక నిమిషం పాటు సాగుతుంది, అంతే. నలుగురు రేసర్లు, నాలుగు చుట్లు. మొదటివానికి 3, రెండోవానికి 2, మూడోవానికి 1, చివరివానికి సున్నా. ఆ రోజు జరిగింది వ్యక్తిగత పోటీ కాబట్టి ప్రేక్షకులందరి చేతుల్లోనూ 20 రేసుల పట్టిక అచ్చువేసిన ప్రోగ్రాం, ఒక పెన్సిల్ ఉన్నాయి. నేనూ నింపుతూ పోగా, పట్టిక సగం దాటాక దాని పొందిక తెలిసివచ్చింది. 16 మంది రేసర్లలో ఒక్కొక్కరు ఐదు రేసుల్లో దిగుతారు, ప్రతి రేసులోనూ ముగ్గురు కొత్త ప్రత్యర్థులు ఎదురవుతారు. ఐదు రేసులు ముగిసేసరికి ప్రతి రేసరూ మిగిలిన 15 మందితోనూ ఒక్కొక్కసారి తలపడి ఉంటాడు. పైగా స్టార్టింగ్ గేటు కూడా మారుతూ ఉంటుంది కాబట్టి, లోపలి గేటు సౌకర్యం ఎప్పుడూ ఒకడికే దక్కదు.

ఇప్పుడు 1983 సెప్టెంబరు 4కు వెళదాం. ఫైనల్ జరిగింది వాయవ్య జర్మనీలో, నార్డెన్ పట్టణం పక్కనున్న హాల్బెమోండ్‌లో. ఆ ఊరి పేరుకు అర్ధచంద్రుడని అర్థం. ముల్లర్ అక్కడ ఐదు రేసులలో దిగి ఐదూ గెలిచాడు, 15కు 15 పాయింట్లు సాధించాడు. ఆస్ట్రేలియాకు చెందిన బిల్లీ శాండర్స్ రెండో స్థానంలో, 1980 ఛాంపియన్ అయిన ఇంగ్లండ్ రేసర్ మైకేల్ లీ మూడో స్థానంలో నిలిచారు. నా సహోద్యోగి తండ్రి ఆ పోటీని స్వయంగా చూశారు. ఆయన భద్రంగా దాచుకున్న ప్రోగ్రాంను ఒకసారి నాకు చూపించారు. ముల్లర్ పేరుకు ఎదురుగా ఉన్న ఐదు గడుల్లోనూ 3 అంకె పెన్సిల్‌తో రాసి ఉంది. ఆ ఐదు అంకెలకు అర్థం, ఫైనల్‌కు వచ్చిన 15 మందినీ ఆయన ఒక్కరినీ వదలకుండా ఎదురుగా ఓడించాడని.

ఇక సొంతగడ్డ వాదన. తెలిసిన మట్టి, తన పేరు పెట్టి అరిచే జనం ఉండడం మేలే. కానీ ఆ రోజుల్లో ఆతిథ్య దేశం వాళ్లే గెలిచేవారనుకుంటే పొరపాటు. 1981లో లండన్‌లోని వెంబ్లీలో గెలిచినది అమెరికాకు చెందిన బ్రూస్ పెన్‌హాల్. 1985లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో, 1986లో పోలాండ్‌లోని హోజూవ్‌లో కిరీటం డెన్మార్క్‌కే దక్కింది, మొదటిసారి ఎరిక్ గుండర్సన్‌కు, రెండోసారి హాన్స్ నీల్సన్‌కు. రెండేళ్లు వరుసగా గెలిచిన పెన్‌హాల్ 1982లో లాస్ ఏంజిలిస్‌లో ఆట నుంచి తప్పుకోవడం వల్ల దారి సుగమమైందన్న మాటలో కొంత నిజముంది. అయితే ఆ అవకాశం మిగిలిన 15 మందికీ సమానంగానే దొరికింది కదా!

పైగా ముల్లర్ ఆ ఒక్క రోజున ఎక్కడి నుంచో ఊడిపడినవాడు కాదు. అప్పటికే 34 ఏళ్ల వయసున్న ఆయన లాంగ్ ట్రాక్ విభాగంలో 1974, 1975, 1978 సంవత్సరాలలో మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్. లాంగ్ ట్రాక్ అంటే గుర్రప్పందేల మైదానాల వంటి పొడవైన ట్రాకులు, చుట్టుకొలత ఇంచుమించు ఒక కిలోమీటరు ఉంటుంది. అక్కడ బండికి రెండు గేర్లు, వేగం చాలా ఎక్కువ, జారుడు కూడా చాలాసేపు సాగుతుంది. చిన్న ట్రాకులో ఒక మలుపు అయిపోకముందే ఇంకొకటి మొదలవుతుంది, లెక్క తప్పితే దిద్దుకునే వ్యవధి ఉండదు. ఈ రెండింటిలోనూ ప్రపంచ టైటిల్ గెలిచినవారు ఐవన్ మాగర్, ఓలే ఓల్సెన్, ఆండర్స్ మిషానెక్, మైకేల్ లీ వంటి కొద్దిమందే. ముల్లర్ పేరు చేర్చవలసినది ఆ జాబితాలోనే. 1982లో లండన్‌లోని వైట్ సిటీలో జరిగిన ప్రపంచ జట్ల పోటీలో పశ్చిమ జర్మనీ రెండో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులోనూ ఆయన ఉన్నాడు.

ఆయనకు దక్కవలసినంత గౌరవం దక్కకపోవడానికి నాకు తోచే కారణం ఇంగ్లండ్. స్పీడ్‌వే చరిత్రను ఎక్కువగా రాసినది బ్రిటిష్ లీగ్ అభిమానులే. ముల్లర్ కోవెంట్రీ, హల్ జట్ల తరఫున కొంతకాలం ఆడినా ఏడాదికేడాది అక్కడ కనిపించలేదు, పేరూ ప్రఖ్యాతులూ జర్మనీ లాంగ్ ట్రాకుల మీదే సంపాదించుకున్నాడు. పైగా పాప్ పాటల రికార్డులు కూడా విడుదల చేసి జనాన్ని ఆకట్టుకునే మనిషి. అటువంటివాళ్ల ఆటను కొందరు తేలికగా తీసుకుంటారు, అది న్యాయం కాదు. ఆరుసార్లు స్పీడ్‌వే టైటిల్ గెలిచిన మాగర్‌తో ఆయనను సమానం చేయమని నేను అనడం లేదు. స్పీడ్‌వేలో ఆయనది ఒకే ఒక్క వ్యక్తిగత ప్రపంచ టైటిల్. కానీ దానిలో లోపం వెతకడానికి ఆయన ఒక్క పాయింటు కూడా వదలలేదు.

1995 నుంచి ఒకే రోజు ఫైనల్ పద్ధతి పోయి, ఏడాది పొడవునా సాగే గ్రాండ్ ప్రి పోటీలు వచ్చాయి. 2014లో ఆక్లండ్‌లో జరిగిన గ్రాండ్ ప్రిని జర్మన్ రేసర్ మార్టిన్ స్మోలిన్‌స్కీ గెలిచాడు, 2018లో లాంగ్ ట్రాక్ ప్రపంచ టైటిల్ కూడా సాధించాడు. అయినా ముల్లర్ తరువాత స్పీడ్‌వే వ్యక్తిగత ప్రపంచ టైటిల్ మరో జర్మన్‌కు దక్కలేదు.

మీరు జర్మనీలోనే ఉంటే ఒకసారి బ్రోక్‌స్టెట్ వెళ్లి చూడండి. హాంబర్గ్ నుంచి రైలు ఉంది. వానపడితే పోటీ రద్దయ్యే అవకాశం ఉంటుంది కాబట్టి పొద్దున్నే వాతావరణం చూసుకుని బయలుదేరండి. మొదటి మలుపు దగ్గర నిలబడేటట్లయితే కళ్లకు అద్దాలు తప్పనిసరి. పెన్సిల్ మాత్రం మరచిపోవద్దు.