ముప్పై ఐదు దాటినా చిన్నతనం వదలడం లేదు. ఇది జబ్బా?

మీ ప్రశ్న చదివి నవ్వొచ్చింది, నన్ను చూసి రాసినట్టే ఉంది. పాత గోళీలు దాచుకోవడం, రెండు రోజులు సెలవు దొరికితే ఊరికి పరిగెత్తడం, బ్యాంకు పనో ఇంటి పనో అనగానే ఏదో సాకు చెప్పి తప్పుకోవడం. ఇది జబ్బా, మారాలా అని అడిగారు.

ఒకప్పుడు నిజంగానే జబ్బన్నారు. 1688లో జొహన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి, ఇంటిమీద బెంగతో చిక్కిపోయేవాళ్ల గురించి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సిద్ధాంత వ్యాసం రాస్తూ 'నోస్టాల్జియా' అనే పేరు పెట్టాడు. రోగిని ఇంటికి పంపెయ్యడమే దానికి మందు. నాకు ఆ మందు పనిచెయ్యదు. నేనుండే నెల్లూరు నుంచి ఊరు మూడు గంటలు కూడా లేదు. నేను పోవాల్సింది 2001కి. ఆ బస్సు కందుకూరు డిపోలో లేదు.

మాది కందుకూరు పక్కన పల్లె. నాయన పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు మార్చారు, నేను పుట్టింది అందులో. 2022 ఏప్రిల్లో కందుకూరును మళ్లీ నెల్లూరులో కలిపారు. అప్పుడు కూడా ఎవరన్నా అడిగితే నేను ప్రకాశం అనే చెప్పేవాణ్ణి. దీన్నిబట్టే నా సంగతి మీకు అర్థమై ఉంటుంది.

మా చేలో పొగాకు బ్యారన్, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం, ఉండేది. ఆకును కర్రలకు కట్టి లోపల వరసలు వరసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండిస్తే ఆ వేడి గొట్టాల్లోంచి లోపలికి పోతుంది. ఐదారు రోజులు రాత్రీ పగలూ మంట చూసుకోవాలి. వేడి మెల్లగా పెంచుకుంటూ పోవాలి, తొందరపడితే ఆకు రంగు పోతుంది, రంగు పోతే వేలంలో రేటు పోతుంది. అందుకని సీజనంతా నాయన పొయ్యి దగ్గరే నులకమంచం వేసుకుని పడుకునేవాడు. మాకు మాత్రం ఆ పొయ్యంటే నిప్పుల్లో కాల్చుకునే గెనుసుగడ్డలు, అంతే.

2000-01 సీజన్‌కి ఆంధ్రప్రదేశ్‌లో పొగాకుకు పంట విరామం ప్రకటించారు, అంటే ఆ ఏడాది పొగాకు వెయ్యకూడదు. నాకప్పుడు పదకొండేళ్లు. మా బ్యారన్ వెలగలేదు. ఆ ఏడాదంతా నాయన నాకు దొరికాడు. బొంగరం తిప్పి అరచేతిలోకి ఎత్తడం నేర్పాడు. ఎండాకాలం ఆదివారాలు పొద్దున్నే మోపెడ్ ఎక్కించుకుని ఉలవపాడు మీదుగా రామాయపట్నం సముద్రానికి తీసుకెళ్లేవాడు. దారిలో కొన్న మామిడిపళ్లు ఇసకలో కూర్చుని తినేవాళ్లం, చీకటి పడ్డాకే ఇంటికి. ఇప్పుడక్కడ పోర్టు కడుతున్నారు, ఆ వార్త చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. చిన్నతనం, చిన్నతనం అని నేను పదేపదే చెప్పుకునేదంతా నిజానికి ఆ ఒక్క ఏడాదే.

నా బండి ఇన్సూరెన్సు మొన్నమొన్నటి దాకా నాయనే కట్టేవాడు. గడువు తేదీ నాకు తెలియదు, ఆయన డైరీలో ఉండేది. "కూతురు బడికి పోతోంది, ఇంకా మామయ్యే కట్టాలా?" అని మా ఆవిడ అంటే ఆమెకు ఊరి మనుషులు అర్థం కారులే అనుకునేవాణ్ణి. ఎంత పొగరో చూడండి.

రెండేళ్ల కిందట నాయనకి శుక్లం ఆపరేషన్ అయింది. కంటికి కట్టు ఉంది కాబట్టి ఏదో కాగితం కోసం పెట్టె నన్నే వెతకమన్నాడు. అడుగున నాలుగు ప్రోనోట్లు దొరికాయి. నాలుగూ 2001లో రాసినవే, వడ్డీ నూటికి రెండు రూపాయలు. చివరిదాని వెనక చెల్లు రాసింది 2009లో. అప్పటికి నేను ఇంజనీరింగులో ఉన్నాను.

ఇదేంది నాయనా అంటే ఆయనే నవ్వాడు. "ఆదివారం ఆదివారం నిన్ను సముద్రానికి ఎందుకు తిప్పాననుకున్నావురా? వడ్డీవాళ్లు ఆదివారమే వచ్చేవాళ్లు."

ఆ మాట మింగుడు పడడానికి చాలా రోజులు పట్టింది. మామిడిపండు తీపి అబద్ధమని నేననను, తీపిగానే ఉంది. కానీ "అప్పుడు ఏ టెన్షనూ లేదు" అని అందరితో చెప్తూ తిరిగేవాణ్ణే, అది తప్పు. టెన్షన్ ఉంది. మోపెడ్ ముందు సీట్లో కూర్చుని ఉంది, వెనక కూర్చున్న నాకు కనపడలేదు.

అందుకని మీకు చెప్పేది, గోళీలు పారెయ్యకండి. నిమ్మతొనల బిళ్లలు నేనూ కొనుక్కుంటాను, నా కూతురికని చెప్పి సగం నేనే తింటాను. వాటివల్ల ఎవరికీ నష్టం లేదు. మీ ఇంటి పన్ను ఎవరు కడుతున్నారు, మీ అమ్మగారి మాత్రలు అయిపోయాయని ఎవరికి ముందు తెలుస్తోంది, అది చూసుకోండి. నేను బండి ఇన్సూరెన్సుతో మొదలుపెట్టాను. పెద్దరికం వచ్చిన ఫీలింగేమీ రాలేదు, చిరాకే వచ్చింది. తర్వాత కరెంటు బిల్లు, పాసుపుస్తకం పనులు. ఇప్పటికీ బ్యాంకుకి వెళ్లాలంటే కడుపులో తిప్పుతుంది.

బ్యారన్ సంగతి మిగిలింది. రేకులు ఎగిరిపోయి, గోడలు నెర్రెలిచ్చి, పాములు చేరాయి. పడగొట్టిద్దామని నాయన నాలుగేళ్లుగా అడుగుతుంటే నేనే అడ్డం పడ్డాను, నా చిన్నతనం అందులో ఉందని. పోయిన ఎండాకాలం సరే అన్నాను. జేసీబీ వచ్చిన రోజు నేను ఇటుకన్నా ఒకటి దాచుకుందామని అటూ ఇటూ చూస్తుంటే, నాయన లోపలికి వెళ్లి గోడకున్న పాత థర్మామీటరు ఊడదీసి, పంచె కొంగుతో తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.